డ్రాగ్ రేస్ కారులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోకుండా చూసుకోవడం: షెడ్డు నుంచి స్టార్ట్ లైన్ దాకా

మా అక్క కొడుకు వచ్చే నెల బహ్రెయిన్ వెళ్తున్నాడు. గ్యారేజీలో గేర్‌బాక్స్ పని. మా రాజోలు చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్ మొహం చూడని ఇల్లు వెతికితే గానీ దొరకదు. నేనూ అక్కడ 12 ఏళ్లు ఇదే పని చేసి వచ్చాను. సాఖిర్‌లోని బహ్రెయిన్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో డ్రాగ్ స్ట్రిప్ ఉంది, అంటే నిలబడ్డ చోటు నుంచి కార్లు తిన్నగా దూసుకెళ్లి పోటీపడే ట్రాక్. దాని మీద పావు మైలు, అంటే 402 మీటర్లు, పరిగెత్తే అమెరికన్ వి8 కార్ల గేర్‌బాక్సులు విప్పి కట్టడమే నా పని. వాడికి నోటితో చెప్పినవన్నీ ఒకచోట రాసి పెడితే, ఇక్కడి నుంచి అదే పనికి వెళ్లే మిగతా కుర్రాళ్లకూ పనికొస్తాయని రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇదంతా ట్రాక్ మీద పరిగెత్తే కార్ల కోసం. 216 హైవే మీదో, కాలువ గట్టు రోడ్డు మీదో పందెం వేసుకోవడానికి కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద అది నేరం. అంతకన్నా ముఖ్యం, ఆ గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ వచ్చేది మన పిల్లలే. మన దేశంలో మోటార్ స్పోర్ట్‌కు ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. అనే సంస్థ ఉంది. దాని అనుమతితో జరిగే పోటీల్లోనే పరిగెత్తండి.

అసలు లోపల ఏం జరుగుతుంది?

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నడిచేదే ఆయిల్ ప్రెషర్ మీద. ముందున్న పంపు ఆయిల్‌ని తోస్తుంది, వాల్వ్ బాడీ దాన్ని దారులకు పంచుతుంది, ఆ ప్రెషర్‌తో పిస్టన్ క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టుకుంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం తగ్గితే ముందు ఎండేది శివారు పొలమే కదా. ఇక్కడా అంతే. పంపు దగ్గర కొంచెం ప్రెషర్ తగ్గినా, దారిలో ఒక సీలు కారినా, చివరనున్న క్లచ్‌కి పట్టు చాలదు. పట్టు చాలని ప్లేట్లు జారతాయి. జారితే వేడి పుడుతుంది. వేడికి ఆయిల్ పలచబడి, సీళ్లు గట్టిపడి, ప్రెషర్ ఇంకా పడిపోతుంది. డ్రైవర్‌కి తెలిసేసరికి ప్లేట్లు బొగ్గయిపోయి ఉంటాయి.

అందుకే "ఫుల్ పవర్ ఇస్తే విరిగిపోయింది" అని ఎవరైనా అంటే నేను వెంటనే నమ్మను. షాఫ్టులు విరగవని కాదు. కానీ నేను విప్పిన బాక్సుల్లో ఎక్కువ భాగం మాడిపోయినవే.

1. ఏ బాక్స్‌తో పని చేస్తున్నారో తెలుసుకోండి

డ్రాగ్ కార్లలో ఎక్కువగా చేతికొచ్చేవి మూడు. జీఎం (జనరల్ మోటార్స్) పవర్‌గ్లైడ్: రెండే గేర్లు, తేలిక, పుట్టింది 1950లో. ఇంజిన్ తిప్పును లోపలికి తెచ్చే దీని అసలు ఇన్‌పుట్ షాఫ్ట్ పెద్ద ఇంజిన్‌కి ఆగదు. 300ఎం స్టీల్ షాఫ్ట్ వేస్తారు. టర్బో 400: 1964లో వచ్చింది, మూడు గేర్లు, 2.48, 1.48, 1.00. బరువైనా మొండిది. అందులో డైరెక్ట్ డ్రమ్ము (క్లచ్ ప్లేట్లు కూర్చునే గిన్నె), దాని స్ప్రాగ్ (ఒక వైపే తిరగనిచ్చే క్లచ్) బలహీనం. రేసుకు 34 ఎలిమెంట్ల (పట్టు ముక్కల) స్ప్రాగ్ పట్టే డ్రమ్ము వేయిస్తారు. మూడోది క్రైస్లర్ 727. మంచి బాక్సే, కానీ దాని ప్రమాదం దానికుంది. బర్న్‌అవుట్ (పరుగుకు ముందు టైర్లను ఉన్నచోటే తిప్పి వేడెక్కించడం) దగ్గర చెబుతాను.

700ఆర్4 లాంటి బాక్స్ వస్తే ముందు థ్రాటిల్ దగ్గరున్న టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ చూడండి. లైన్ ప్రెషర్ (పంపు నుంచి క్లచ్‌లకు వెళ్లే ఆయిల్ ప్రెషర్) ఎంత పెరగాలో ఆ కేబులే చెబుతుంది. అది వదులుగా ఉంటే ప్రెషర్ పెరగదు, మూడు, నాలుగు గేర్లను పట్టే 3-4 క్లచ్ కొద్ది కిలోమీటర్లలోనే మాడిపోతుంది. టర్బో 400లో ఆ పని ఇంజిన్ గాలి పీల్చే బలాన్ని బట్టి నడిచే వాక్యూమ్ మాడ్యులేటర్‌ది.

2. విప్పే చోటు

మన ప్రాంతంలో షెడ్డు పెట్టుకున్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వాల్వ్ బాడీలో వాల్వులకీ వాటి బోరుకీ మధ్య ఉండే సందు వెంట్రుక మందం కూడా ఉండదు. అంబాజీపేట వైపు గాలిలోనే కొబ్బరి పీచు దుమ్ము ఉంటుంది. కోతల రోజుల్లో నూర్పిడి దుమ్ము సరేసరి. ఒక్క పోగు వాల్వు పక్కన ఇరుక్కుంటే గేరు ఆలస్యంగా పడుతుంది, ఆ ఆలస్యంలోనే ప్లేట్లు జారతాయి. కాబట్టి తలుపులు వేసిన గదిలో, కడిగిన బల్ల మీద పని చేయండి. పాత బనీను గుడ్డతో లోపలి భాగాలు తుడవొద్దు, పోగులు వదులుతుంది. సాల్వెంట్‌తో కడిగి కంప్రెసర్ గాలితో ఆరబెట్టండి.

తేమ ఇంకో శత్రువు. వర్షాకాలంలో స్టీల్ ప్లేట్లు రాత్రంతా బల్ల మీద వదిలేస్తే పొద్దున్నకి సన్నటి తుప్పు పొర కనిపిస్తుంది. కడిగిన వెంటనే ఆయిల్ పట్టించి సంచిలో పెట్టండి. మూత తీసిన ఆయిల్ డబ్బా అలా తెరిచి ఉంచొద్దు.

3. క్లచ్ ప్లేట్లు

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను (పట్టుకోవడానికి పై పొర అంటించిన ప్లేట్లను) కనీసం అరగంట, వీలైతే గంట, కొత్త ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌లో నానబెట్టండి. పొడి ప్లేట్లు వేస్తే మొదటిసారి గేరు పడినప్పుడే పై పొర కాలిపోతుంది. ఏ బాక్స్‌కి ఏ ఆయిల్ పోస్తారో అందులోనే నానబెట్టాలి.

సీళ్లకూ రింగులకూ వాసెలిన్ రాయండి, చక్రాలకు పెట్టే గ్రీజు వద్దు. వాసెలిన్ వేడికి కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది. గ్రీజు కరగదు, ముద్దగా వెళ్లి సన్నటి రంధ్రాలను మూసేస్తుంది.

తర్వాత క్లియరెన్స్. ప్లేట్లన్నీ పేర్చి, స్నాప్ రింగ్ వేశాక, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టి సందు కొలవాలి. వాడుకలో ఉన్న లెక్క ఒక్కో ఫ్రిక్షన్ ప్లేటుకు 0.25 మిల్లీమీటర్లు. ఐదు ప్లేట్లుంటే 1.25 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. కిట్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. సందు తక్కువైతే క్లచ్ వదిలేసినా ప్లేట్లు ఒరుసుకుంటూనే ఉంటాయి. ఎక్కువైతే పిస్టన్ అంత దూరం నడిచి వచ్చేలోపు ఇంజిన్ లేచిపోతుంది. కొలిచిన అంకె నోటుబుక్‌లో రాసుకోండి. మళ్లీ విప్పినప్పుడు ఎంత అరిగిందో అదే చెబుతుంది.

డ్రమ్ములు బాక్స్‌లో కూర్చున్నాక, వాల్వ్ బాడీ బిగించక ముందు, గాలి పరీక్ష తప్పనిసరి. కంప్రెసర్‌ని 30-40 పి.ఎస్.ఐ.కి తగ్గించి, రబ్బరు ముక్కున్న గన్ను ఒక్కో క్లచ్ దారిలో పెట్టి కొట్టండి. "ధప్" అని ఒకే గట్టి శబ్దం రావాలి. గాలి ఆపగానే క్లచ్ వదలాలి. "ధప్" తర్వాత "సుయ్" అని ఆగకుండా గాలి పోతుంటే సీలు మడత పడిందన్నమాట. ఎంత రాత్రయినా సరే, మళ్లీ విప్పండి. మనం పనిచేసే చోట పక్కవాడు రేడియో పెడితే కట్టేయమని అడగండి. ఆ "సుయ్" చాలా సన్నగా వస్తుంది, వినాలనుకున్న చెవికే వినిపిస్తుంది.

4. కన్వర్టర్ కూర్చోబెట్టడం

ఇంజిన్‌కీ బాక్స్‌కీ మధ్య ఉండి, ఆయిల్ ద్వారా తిప్పును అందించే గుండ్రటి భాగం కన్వర్టర్. నేను వెళ్లిన మొదటి ఏడాది జరిగింది చెబుతాను. మర్నాడు రేసు. రాత్రి పన్నెండు దాటింది. గ్యారేజీలో నలుగురం కలిసి బాక్స్ ఎత్తి ఇంజిన్‌కి తగిలించాం. బెల్ హౌసింగ్‌కీ (కన్వర్టర్‌ను కప్పే బాక్స్ ముందు భాగం) ఇంజిన్‌కీ మధ్య వేలు పట్టేంత ఎడం మిగిలింది. "బోల్టులు బిగిస్తే అదే దగ్గరకొస్తుంది" అన్నాడు పెద్ద మెకానిక్. బిగించాం, వచ్చింది. స్టార్ట్ చేయగానే గరగరమని ఇనుము నలిగిన శబ్దం. విప్పి చూస్తే పంపు లోపలి గేరు చెవులు రెండూ విరిగి ఉన్నాయి. కన్వర్టర్ పూర్తిగా లోపలికి వెళ్లలేదు. మేం బోల్టులతో దాన్ని పంపు మీదకు నొక్కేశాం. ఓనర్ ఏడాదంతా దాచుకున్న డబ్బు అది. ఆయన ఏమీ అనలేదు, కారు పక్కన కుర్చీ వేసుకుని తెల్లారేదాకా అలా కూర్చున్నాడు. ఆ తర్వాత ఈ ఒక్క పనిలో నేను ఎవరి తొందరా వినలేదు.

సరైన పద్ధతి ఇది. ముందు కన్వర్టర్‌లో సుమారు లీటరు ఆయిల్ పోయండి, పంపు మొదటి చుట్టులోనే ఎండిపోకుండా. బాక్స్ మూతి పైకి కొంచెం వాలుగా పెట్టి, కన్వర్టర్‌ని తిప్పుతూ లోపలికి తోయండి. మూడు చోట్ల కూర్చోవాలి: ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లు, స్టేటర్ (కన్వర్టర్ మధ్య భాగం) పళ్లు, పంపు గేరు. మూడుసార్లు "టక్" మని లోపలికి దిగుతుంది. చాలామంది రెండో టక్ దగ్గరే ఆగిపోతారు.

బాక్స్‌ని ఇంజిన్‌కి తగిలించాక, బోల్టులు బిగించకుండానే బెల్ హౌసింగ్ చుట్టూ అతుక్కోవాలి. అప్పుడు కన్వర్టర్‌ని చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. ఫ్లెక్స్ ప్లేట్‌ని (కన్వర్టర్‌ను బిగించే, ఇంజిన్ వెనకుండే పలక) అందుకోవడానికి అది సుమారు 3 మిల్లీమీటర్లు, మహా అయితే 5, ముందుకు రావాలి. అస్సలు ఎడం లేకపోతే పంపు మీద భారం పడుతుంది. మరీ ఎక్కువైతే పంపు గేరును సరిగ్గా పట్టుకోదు. అప్పుడు వాషర్లు వేసి సరిచేయాలి.

కన్వర్టర్ ఎంపిక గురించి ఒక్క మాటే. స్టాల్ ఆర్‌పీఎం (కారు కదలకుండా ఆపి ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఇంజిన్ ఎక్కగలిగే వేగం) మీ ఇంజిన్ పవర్‌కీ కారు బరువుకీ తగ్గట్టు చేయించుకోండి, పక్కవాడి కారులో బాగుందని కొనొద్దు.

5. ఆయిల్, దాని లెవల్

మేనల్లుడు నిన్న నా ముందే డిప్‌స్టిక్ తీసి చూసి, "మావయ్యా, ఆయిల్ నిండుగానే ఉంది" అన్నాడు.

"ఇంజిన్ నడుస్తుండగా చూశావా, ఆపేసి చూశావా?"

"ఆపేసే."

"అయితే నువ్వు చూసింది లెక్క కాదురా."

ఇంజిన్ ఆపితే కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉన్న ఆయిల్ కొంత పాన్‌లోకి దిగిపోతుంది. లెవల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి బండి సమంగా ఉన్న చోట, ఆయిల్ వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా, అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి, న్యూట్రల్‌లో పెట్టి చూడాలి. పార్క్‌లో ఎందుకు వద్దంటే, 727 లాంటి వాటిలో పార్క్‌లో పెడితే కన్వర్టర్‌కి ఆయిల్ వెళ్లదు, లెవల్ తప్పు చూపిస్తుంది.

తక్కువైతే పంపు గాలి పీలుస్తుందని అందరికీ తెలుసు. ఎక్కువైతే ఏమవుతుందో చాలామందికి తెలియదు. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్ తిరగడం చూసే ఉంటారు. రెక్కలు నీటిని చిలికి గాలి కలుపుతాయి. చెరువుకి అది ప్రాణం. గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఎక్కువై తిరిగే గేర్లను తాకితే అదే జరుగుతుంది, ఆయిల్ నురగయిపోతుంది. నురగ నొక్కుకుపోతుంది కాబట్టి దానితో ప్రెషర్ నిలవదు. తక్కువైనా ఎక్కువైనా చివరికి క్లచ్ జారడమే.

ఇంకొకటి. కారు లేచినప్పుడు ఆయిల్ అంతా పాన్ వెనక్కి పోతుంది. ఫిల్టర్ మూతి ముందుంటే ఆ ఒక్క క్షణం పంపు గాలి తాగుతుంది. సరిగ్గా క్లచ్‌కి ఎక్కువ పట్టు కావాల్సిన క్షణం అదే. లోతైన పాన్, దానికి తగ్గట్టు కిందికి దిగే ఫిల్టర్ వేయండి. పాన్ మాత్రం లోతుది వేసి ఫిల్టర్ పాతదే ఉంచితే ఉపయోగం లేదు.

ఏ ఆయిల్ అంటే, బాక్స్ కట్టినవాళ్లు చెప్పినదే. పాత రేసు బాక్సుల్లో టైప్ ఎఫ్ అనే రకం ఆయిల్ పోసేవాళ్లు ఎక్కువ. అందులో ఫ్రిక్షన్ మాడిఫయర్ (పట్టును మెత్తబరిచే మందు) ఉండదు, ప్లేట్లు గట్టిగా, త్వరగా పట్టుకుంటాయి. రెండు రకాలు కలపొద్దు.

6. వేడి

మెకానిక్కులు వాడే లెక్క ఒకటుంది. ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే హాయిగా బతుకుతుంది. ఆపైన ప్రతి 11 డిగ్రీలకు దాని ఆయుష్షు సగమవుతుంది. 115 దగ్గర జిగట పొర కట్టడం మొదలవుతుంది, 127 దగ్గర సీళ్లు గట్టిపడతాయి, 145 దగ్గర ప్లేట్లు జారతాయి. పాన్‌లో 70 నుంచి 95 మధ్య ఉంచుకోండి. మరీ చల్లగా ఉన్నా పరుగు తీయొద్దు. 65 దాటాకే లైన్‌కి రండి.

గేజ్ సెన్సర్ పాన్‌లో పెడితే చూపించేది అన్నీ కలిసిన వేడి. అసలు మంట కన్వర్టర్ నుంచి బయటికొచ్చే లైన్‌లో ఉంటుంది. వీలైతే రెండు చోట్లా పెట్టండి.

కూలర్ విషయంలో నేను ఎక్కువగా చూసిన తప్పు సన్నటి పైపు. కూలర్ నుంచి తిరిగొచ్చే ఆయిలే లోపలి బుష్‌లకు తడి అందిస్తుంది. దారి ఇరుకైతే ఆయిల్ వేడెక్కడం ఒక్కటే కాదు, బుష్‌లు కూడా ఎండిపోతాయి. ప్లేట్ల కూలర్, దాని మీద ఫ్యాన్, కనీసం 3/8 అంగుళం లైన్లు, గేర్‌బాక్స్ ఆయిల్‌కి తగిన హోస్ వేయండి. పెట్రోల్ హోస్ వేస్తే కొన్నాళ్లకు మెత్తబడి ఊడుతుంది. ఆ ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడితే మంటలే.

7. ప్రెషర్ గేజ్

300 పి.ఎస్.ఐ. గేజ్ ఒకటి శాశ్వతంగా కారులో పెట్టించండి. కొత్త బాక్స్ మొదటి రోజున ఐడిల్‌లో ఎంత, గేరు వేస్తే ఎంత, ఫుల్ థ్రాటిల్‌లో ఎంత అని రాసుకోండి. రేసు వాల్వ్ బాడీలు 200 చుట్టుపక్కల నడుస్తాయి. కానీ అసలు చూడాల్సింది మీ బాక్స్ మొదటి రోజు అంకె నుంచి ఎంత పడిందన్నది. ఆయిల్ వేడెక్కాక ఒక గేరులోనే 20-30 తగ్గుతుంటే ఆ క్లచ్ సీలు కారుతోంది. అన్ని గేర్లలోనూ తగ్గుతుంటే పంపో, ఫిల్టరో. విప్పకుండానే జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది.

8. పరుగు రోజు

ఇక్కడి నుంచి బాక్స్ ప్రాణం డ్రైవర్ కాలి కింద ఉంటుంది. అతను పెద్దవాడైనా, బండి ఓనరైనా, మర్యాదగా ఈ నాలుగూ చెప్పాల్సింది మనమే.

బర్న్‌అవుట్ తడి చోటే మొదలై తడి చోటే ముగియాలి. టైర్లు తిరుగుతుండగానే పై గేరుకు మార్చేయాలి. కింది గేరులోనే ఇంజిన్‌ని అరిపిస్తూ పొడి రోడ్డు మీదకి రాకూడదు. టైరుకి హఠాత్తుగా పట్టు దొరికితే ఆ దెబ్బంతా స్ప్రాగ్ మీద పడుతుంది. 727లో ఇదే ప్రాణాంతకం. మొదటి గేరులో ఆ దెబ్బకు వెనకనున్న ఓవర్‌రన్నింగ్ క్లచ్ (ఇదీ స్ప్రాగ్‌లా ఒక వైపే తిరగనిచ్చేది) పోతే, ముందు డ్రమ్ము ఇంజిన్ వేగానికి రెట్టింపుకు మించి తిరిగి బాంబులా పగులుతుంది. ఆ డ్రమ్ము ఉండేది డ్రైవర్ కాళ్ల దగ్గర.

స్టార్ట్ లైన్ దగ్గర బటన్ నొక్కితే పనిచేసే ట్రాన్స్‌బ్రేక్ ఫస్ట్ గేరునీ రివర్స్‌నీ ఒకేసారి పట్టి కారును కదలకుండా ఆపుతుంది. అప్పుడు ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఇంజిన్ చేసే పనంతా కన్వర్టర్‌లో వేడిగా మారిపోతుంది. మూడు నాలుగు సెకన్లు మించి పట్టుకోవద్దు. అవతలివాడు లైన్‌కి రావడం ఆలస్యమైతే బటన్ వదిలేసి ఆగాలి. షెడ్డులో స్నేహితులకు చూపించడానికి ట్రాన్స్‌బ్రేక్ వేసి రేజ్ చేయడం అసలు వద్దు.

న్యూట్రల్‌లో ఇంజిన్ లేపి గేరులోకి కొట్టడం ఎప్పుడూ చేయకూడదు.

ఫినిష్ దాటాక టాప్ గేరులోనే ఉంచి కాలు తీసేయాలి. వేగంలో ఉండగా న్యూట్రల్ చేయొద్దు, గేరు దించి ఆపే ప్రయత్నం చేయొద్దు. పిట్‌కి వచ్చాక వెంటనే ఇంజిన్ ఆపకుండా, న్యూట్రల్‌లో 1,200-1,500 ఆర్‌పీఎం దగ్గర రెండు నిమిషాలు ఉంచండి. పంపు తిరిగితేనే కన్వర్టర్‌లో వేడి ఆయిల్ కూలర్ దాకా వెళ్తుంది.

9. షీల్డ్

బాక్స్ చుట్టూ ఎస్.ఎఫ్.ఐ. (రేసు సామాన్ల భద్రతా ప్రమాణాలు పెట్టే సంస్థ) 4.1 ప్రమాణపు షీల్డ్, 29.1 ఫ్లెక్స్ ప్లేట్, 30.1 ఫ్లెక్స్ ప్లేట్ షీల్డ్. వేగమైన కార్లకు నిర్వాహకులు అడుగుతారు. అడగకపోయినా వేయించండి. ఓనర్ డబ్బు తగ్గించమంటే పెయింట్‌లో తగ్గించమనండి.

10. రేసు మర్నాడు

తెల్ల కాగితం మీద డిప్‌స్టిక్ చుక్క వేయండి. ఎర్రగా, చుట్టూ పలచగా పాకితే మంచిది. మధ్యలో నల్లటి మచ్చ నిలిచిపోయి, మాడిన వాసన వస్తే ఒక క్లచ్ జారుతోంది. ఉల్లిపాయ మాడిన వాసనకి దగ్గరగా ఉంటుంది, ఒకసారి ముక్కుకి తగిలితే మరిచిపోరు.

కొన్ని రేసులకోసారి పాన్ దించండి. పాన్‌లో అయస్కాంతం మీద బూడిదరంగు పేస్టు సన్నగా ఉండటం మామూలే. వేలితో తీసి వెలుతురులో రాయండి. మెత్తగా జారిపోతే పర్వాలేదు, గరుకుగా తగిలితే ఉక్కు ముక్కలున్నాయి. అయస్కాంతానికి అంటని పసుపు రంగు రవ్వలు బుష్‌లవో వాషర్లవో. నల్లటి పొరల ముక్కలు ఫ్రిక్షన్ ప్లేట్లవి. ఫిల్టర్‌ని కోసి మడతలు విప్పి చూడండి, పాన్ దాచిన సంగతి అది చెబుతుంది.

ఆయిల్ గులాబీ రంగు పాలలా ఉంటే నీళ్లు కలిశాయి. ఫ్రిక్షన్ ప్లేట్ల పొర కాగితం జాతిది, నీటిని పీల్చుకుంటుంది, అంటించిన జిగురు వదిలేస్తుంది. ఆయిల్ మార్చినంత మాత్రాన ఆ బాక్స్ బాగుపడదు, ప్లేట్లు మార్చాల్సిందే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మన లంకల్లో ఎన్ని బళ్లు మునిగాయో గుర్తుందిగా. మునిగిన ఆటోమేటిక్ కారుని స్టార్ట్ చేసి చూడొద్దు. గేర్‌బాక్స్‌కి గాలి ఆడేందుకు పెట్టిన గొట్టం గుండా లోపలికి నీళ్లు వెళ్లి ఉంటాయి. రేసు కారుకైతే ఆ గొట్టం హోస్ వేసి పైకి తీసుకెళ్లి పెట్టండి.

ఇక్కడి కార్ల గురించి

మన దేశంలో పోటీలకు వచ్చేవాటిలో ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్ల డీఎస్‌జీ గేర్‌బాక్స్ ఉన్న కార్లూ ఉంటాయి. అవి కన్వర్టర్ బాక్సులు కావు, రెండు క్లచ్‌లవి. పైన చెప్పినవన్నీ వాటికి వర్తించవు. పొడి క్లచ్‌ల డీక్యూ200 అనే రకం తయారైందే 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కి. ఇంజిన్‌కి ట్యూన్ వేసి దాన్ని దాటిస్తే ఏ ఆయిలూ కాపాడలేదు. తడి క్లచ్‌ల డీక్యూ250కి 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చమంటారు, రేసు కారుకైతే చాలా ముందే మార్చాలి. బీఎండబ్ల్యూల్లో వచ్చే జెడ్‌ఎఫ్ 8 స్పీడ్ బాక్స్‌కి "జీవితాంతం ఆయిల్ మార్చక్కర్లేదు" అనే మాట వింటారు. తయారుచేసిన జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా 8 ఏళ్లకు, మార్చమంటుంది.

ఒకవేళ పోయిందే అనుకోండి

కొత్త బాక్స్ ఎక్కించే ముందు కూలర్‌ని, లైన్లని చూడండి. పాత బాక్స్‌లో రాలిన రజనంతా అందులోనే కూర్చుని ఉంటుంది. లైన్లను ఆయిల్ పారే దిక్కుకు ఎదురుగా సాల్వెంట్ పంపి కడిగి, గాలి కొట్టండి. ప్లేట్ల కూలర్ సందుల్లో చిక్కుకున్న రజను పూర్తిగా పోదు. దాన్ని మార్చేయండి. కన్వర్టర్‌ని కోసి శుభ్రం చేయించండి, లేదా మార్చండి. వారం కిందట కట్టిన బాక్స్ మళ్లీ వెనక్కి వస్తే నేను ముందు అడిగేది ఇదే: "కూలర్ పాతదేనా?"